పద్యము పాఠకుని జేరు త్రోవ

(ఒక పట్టణ పఠనమందిర వార్షిక సభయందు గావించిన ఉపన్యాసము)



ఈ పఠనమందిర వార్షికోత్సవమున నాలుగు మాటలు చెప్పుమని నన్ను బిలిచిన కార్యవర్గమువారికి కృతజ్ఞుడను. సాహిత్యము, విశేషించి కవిత్వము, నేటి జనులకు ఏ త్రోవను జేరుచున్నది, అంతర్జాలమున గుమిగూడు సాహిత్య గోష్ఠులవలన భాషకు మేలెంత, కీడెంత అనునది మీరు నాకు నిర్ణయించిన విషయము. పుస్తకముల బీరువాల నడుమ నిలిచి సెల్లుఫోనును గూర్చి ప్రసంగించుట యేమని పెద్దలు శంకింపవచ్చును. సెల్లుఫోను చేతనుండగా ఈ బీరువాలతో పని యేమని యువకులు శంకింపవచ్చును. ఈ రెండు శంకలకును మూలమొక్కటియే. పుస్తకము దొరకిన చాలును, చదువరి తనంతట తాను పుట్టునని ఇరువురును దలచుచున్నారు. అట్లు పుట్టడు. పద్యము మనుష్యుని చేతిమీదుగానే మనుష్యుని జేరును. చదివి, రుచిచూపి, అర్థము చెప్పి, ఇది ఫలానివారిదని పూచీపడువాడు ఒకడు నడుమ నుండవలెను. ఆ నడిమివాడు లేనిచో బీరువాయైనను, ఫోనైనను వట్టి కొట్టుగదియే. నేను నేడు చెప్పదలచినది ఇంతియే. తక్కినదంతయు దీనికి నిదర్శనములు.

చదువుట ఏకాంతమున జరుగు పని యని నేడు మనమనుకొనుచున్నాము. మన దేశమున చిరకాలము అట్లు జరుగలేదు. దేవాలయ మంటపమునందో, పెద్దల ఇంటి అరుగుమీదనో ఒకరు భారతమో భాగవతమో పట్టి పద్యము చదువుచుండగా వేరొకరు అర్థము చెప్పుచుండిరి; చుట్టునున్నవారు వినుచుండిరి. దానిని పురాణకాలక్షేపమనిరి. గంటము పట్టనివారును, అక్షరము నేర్వనివారును పోతన పద్యములను కంఠస్థము చేసినది అక్కడనే. వీథిబడులలో పిల్లలు శతకపద్యములను అర్థము తెలియకమునుపే వల్లించిరి. అర్థము పదియేండ్లకో, ఇరువదియేండ్లకో తెలిసినది. కావున మనలో కవిత్వమును కంటితో కనుగొన్నవారికంటె చెవితో కనుగొన్నవారే అధికులు. చెవితో కనుగొనుటకు పలుకువాడొకడు ఉండి తీరవలెను గదా!

వేమన విషయమును జూడుడు. రైతుల నోట, బైరాగుల నోట ఆ పద్యములు ఊరూర దిరుగుచుండెను. కడపలో ఉద్యోగము చేసిన సి. పి. బ్రౌనుదొర వ్రాతప్రతులను సేకరించి, పండితులకు తన సొంత ధనమునుండి జీతములిచ్చి, ప్రతిని ప్రతితో పోల్పించి, 1829లో వేమన పద్యములను ఆంగ్లానువాదముతో అచ్చువేయించెను. బ్రౌను ఒంటరిగా వేమనను కనుగొన్నాడనుట సరికాదు. పద్యములను నోట నిలుపుకొన్న పామరులు, వ్రాసియుంచిన లేఖకులు, పాఠములను సరిచూచిన పండితులు, వెచ్చము భరించిన దొర, వీరందరు గలసి చేసిన కార్యమది. వీరిలో ఏ ఒక్కరు లోపించినను ఆ గ్రంథము ఆ రూపమున మనకు దక్కెడిది గాదు.

నన్నెచోడుని కుమారసంభవమును గూర్చియు ఇట్లే చెప్పవచ్చును. కొన్ని శతాబ్దులపాటు ఆ కావ్యము సామాన్య చదువరులకు తెలియకుండెను. మానవల్లి రామకృష్ణకవిగారు తాళపత్రమును బట్టి దానిని 1909లో ప్రకటించిరి. వెంటనే పండితలోకమున కలకలము రేగినది. ఈ కవి నన్నయకు పూర్వుడా, పరుడా యని వాదములు బయలుదేరినవి. పక్షము, ప్రతిపక్షము ఏర్పడినవి. ఆ వాదమున ఎవరు గెలిచిరనునది మనకిప్పుడు ముఖ్యము గాదు. వాదింపవలెనన్న చదువవలెను గదా! ఆ తగవే కావ్యమును పదిమంది బల్లలమీదికి దెచ్చినది. సాహిత్యమున స్నేహమెంత మేలు చేయునో, సద్వాదము అంత మేలు చేయును.

ఇక మీకు సొంతమైన చరిత్రకు వచ్చుచున్నాను. 1901లో హైదరాబాదున రావిచెట్టు రంగారావుగారి ఇంట శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయము వెలసినది. కొమర్రాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారు దానికి చేయూతయిచ్చిరి. తెలుగునకు రాజాదరణ లేనిచోట తెలుగు చదువరులు ఒకరినొకరు గుర్తుపట్టుకొనుటకు అది నెలవైనది. 1914లో అయ్యంకి వేంకటరమణయ్యగారి పూనికతో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల ప్రథమ మహాసభ జరుగగా చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు అధ్యక్షత వహించిరి. చిన్ననాటినుండియు చూపు కొరవడి, ఇతరులు చదువగా విని విద్య గడించిన మహనీయుడు గ్రంథాలయ సభకు అధ్యక్షుడగుటలో ఎంతటి ఔచిత్యమున్నదో మీరే యోచింపుడు. 1918లో వేటపాలెమున సారస్వత నికేతనము పుట్టినది. 1929లో దాని భవనమునకు గాంధీ మహాత్ముడు శంకుస్థాపన చేసెను. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణ కాలువలమీద పుస్తకముల పడవను నడిపించిరి. చదువరి పుస్తకమునొద్దకు రాలేనిచో పుస్తకమే చదువరియొద్దకు పోవలెనని వారు నిశ్చయించిరి. పడవ రేవునకు వచ్చిన దినమున గట్టుమీద జేరిన జనులే ఆ గ్రంథాలయమునకు గదియు, గోడయు.

ఆ పఠనమందిరములు కేవలము పుస్తకములు దాచిన చోట్లు గావు. సాయంకాలమున ఒకరు పత్రిక చదువుచుండగా చదువురానివారు వినెడివారు. పత్రిక ముగిసిన పిమ్మట పద్యము వచ్చెడిది; పద్యము వెంట తగవు వచ్చెడిది. ఎవరో ఒకరు పొరుగూరినుండి క్రొత్త ఖండకావ్యమును దెచ్చి చదివి వినిపించెడివారు. భావకవిత్వమును వెక్కిరించినవారును, నెత్తిన బెట్టుకొన్నవారును ఒకే బల్లకు ఇరుప్రక్కల గూర్చుండిరి. దేశాభిమానమును, భాషాభిమానమును ఆ బల్లలయొద్దనే కలిసి పెరిగినవి.

ఇటువంటి సామూహిక ప్రయత్నము ఏమి సాధింపగలదో తెలియగోరువారు గోలకొండ కవుల సంచికను దలచుకొనవలెను. తెలంగాణమున కవులే పూజ్యమని యొకరు వ్రాయగా, గోలకొండ పత్రికను నడుపుచుండిన సురవరము ప్రతాపరెడ్డిగారు తిట్టుకు తిట్టు చెప్పలేదు. ఊరూరినుండి కవుల పేళ్లను, పద్యములను, వృత్తాంతములను సమకూర్చి, 354 మంది కవులతో ఆ సంచికను 1934లో ప్రకటించిరి. ఒక పండితుడు తన గదిలో గూర్చుండి ఎంత శ్రమించినను 354 కవులను కనుగొనజాలడు. ఏ ఊరి కవి సంగతి ఆ ఊరివారికే తెలియును. తెలిసిన వారందరును ఒక్క చోటికి వ్రాసినచో, లేదనుకొన్న సాహిత్యము ఉన్నదని తేలును. అంతర్జాల గోష్ఠులు నేడు చేయుచున్న పనికి ఇంతకంటె మేలైన పూర్వరూపము నాకు గానరాదు.

ఐనను పూర్వకాలమును పొగడి అంతటితో ఊరకుండుట న్యాయము గాదు. ఆ మంటపములు, ఆ అరుగులు అందరివి గావు. గుడిలోనికి రానీయబడని వారికి గుడి మంటపమున జరుగు పురాణము దూరమునుండి వినబడుటయే గొప్ప. స్త్రీలు తలుపుచాటున నిలిచి వినవలసివచ్చెను. జాషువ మహాకవి 1941లో గబ్బిలము రచించి, గుడిలో జొరలేని పేదవాడు తన మొరను గబ్బిలముచేత శివునికి చెప్పి పంపినట్లు కల్పించుట ఊరకయే కాదు. పద్యము మనుష్యుని చేతిమీదుగా వచ్చునని చెప్పితిని. చేయి చాపుటకే అనుమతి లేనివారు మనలో లక్షలుండిరి. ఏ క్రొత్త గోష్ఠినైనను పరీక్షించునపుడు దాని వాకిలి ఎవరికి తెరచియున్నదనునదే మొదటి ప్రశ్న కావలెను.

స్వాతంత్ర్యానంతరము గ్రంథాలయములకు శాసనబలము చేకూరినది. 1948లో మద్రాసు రాష్ట్రమున, 1955లో హైదరాబాదు రాష్ట్రమున, 1960లో ఆంధ్రప్రదేశమున గ్రంథాలయ శాసనములు వచ్చినవి. ఇంటిపన్ను రూపాయకు 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఏర్పడినది. ఇది మన పెద్దల ఉద్యమమునకు ఫలము, సందేహము లేదు. కాని పూర్వము ఊరివారు తమదిగా నడుపుకొన్న మందిరము పెక్కుచోట్ల సర్కారు కచేరివలె మారినది. నిశ్శబ్దముగా నుండుడని గోడమీద పలకను వ్రేలాడదీసితిమి. నిశ్శబ్దము నిజముగానే వచ్చినది. పద్యము చదువు కంఠము పోయినది, తగవు పోయినది. పోటీపరీక్షల పుస్తకములకై వచ్చు యువకులతో కుర్చీలు నిండుట సంతోషమే. ఐనను వారికి కవిత్వమును పరిచయము చేయు నాథుడు లేడు. ఇండ్లనుండి వసూలైన పన్ను గ్రంథాలయ సంస్థలకు పూర్తిగా జేరుటలేదను ఫిర్యాదు ఏండ్లతరబడి వినబడుచునే యున్నది.

ఇట్లు ఇక్కడ కంఠము సన్నగిల్లుచున్న కాలముననే సముద్రములకావల వేరొక కంఠము వినవచ్చినది. చదువులకై, ఉద్యోగములకై అమెరికాకు బోయిన తెలుగువారు 1990 ప్రాంతములనుండి కంప్యూటరు తంతుల మీదుగా తెలుగు పద్యములను గూర్చి మాటాడుకొన నారంభించిరి. యూజునెట్టు అను వ్యవస్థయందు తెలుగువారికొక చర్చాస్థానము ఏర్పడినది. పిదప ‘తెలుసా’, ‘రచ్చబండ’ అను ఉత్తర గోష్ఠులు వచ్చినవి. ఆ పేళ్లను గమనింపుడు. వేలకొలది మైళ్ల దూరమున నున్నవారికి తమ కూటమికి పేరు పెట్టవలసివచ్చినపుడు ఊరి నడుమ చెట్టుక్రింది బండయే జ్ఞప్తికి వచ్చినది. ఆనాడు ఆ యంత్రములపై తెలుగు లిపి వ్రాయుట సాధ్యము గాకుండెను. రైసు విశ్వవిద్యాలయమున నున్న తెలుగు విద్యార్థులు ఆంగ్లాక్షరములతో తెలుగును తప్పులేకుండ వ్రాయుటకొక పద్ధతిని గల్పించిరి. ఏ అక్షరమునకు ఏ గుర్తు, దీర్ఘమునకేది, ఒత్తునకేది యని నియమములు చేసికొనిరి. ఉత్పలమాలలను, కందములను ఆ పరాయి దుస్తులతోనే ఒకరికొకరు పంపుకొనిరి. 1998లో ‘ఈమాట’ అను పత్రిక అంతర్జాలముననే పుట్టి నేటివరకు నడచుచున్నది. 1991నాటి యూనికోడు ప్రమాణమున తెలుగునకు గల్పించిన స్థానము క్రమముగా అన్ని యంత్రములకును ప్రాకి, లిపి బాధ తొలగినది. 2003లో తెలుగు వికీపీడియా ఆరంభమైనది.

ఈ గోష్ఠులు చేసిన మొదటి మేలు, ప్రశ్నించుటకు సిగ్గు లేకుండ జేయుట. పెద్ద చదువు చదివి, ఉద్యోగము చేయుచు, తల పండిన పిమ్మట, మనుచరిత్రములోని ఒక సమాసమునకు అర్థమేమని పొరుగువానిని అడుగుటకు నామోషీ యగును. పొరుగువానికి తెలియకపోవుటయు సంభవమే. గోష్ఠియందు అడిగినచో ఒక ఊరినుండి నిఘంటువు చెప్పిన అర్థము వచ్చును. మరియొక ఊరినుండి వ్యాఖ్యాత చెప్పిన అర్థము వచ్చును. మూడవవారు తమ తాతగారు చెప్పుచుండిన అర్థమును వ్రాయుదురు. అడిగినవానికొక్కనికే గాక, అడుగుటకు జంకి ఊరకున్న నూర్గురికి లాభము కలుగును.

రెండవ మేలు, వాకిలి వెడల్పగుట. మంటపమున చోటు దొరకనివారి మనుమలు నేడు తమ కవిత్వమును తాము వెల్లడించుచున్నారు. ఏ సంపాదకుని అనుగ్రహమును వేచియుండుటలేదు. స్త్రీలు వంటయింటి పని ముగించుకొని అర్ధరాత్రమున విమర్శ వ్రాయుచున్నారు. 2012లో ఫేసుబుక్కున ఆరంభమైన ‘కవిసంగమము’ వంటి కూటములలో మారుమూల ఊళ్ల యువకవులు పేరుమోసిన కవులతో ఒకే పుటపై నిలిచి మాటాడుచున్నారు. తమిళనాడునందు ఇంట తెలుగు మాటాడుచు, బడిలో తెలుగు అక్షరము నేర్వనివారు కలరు. వారికి చదివి వినిపించిన పద్యము ఫోనున దొరకుచున్నది. అక్షరము రానివానికి పురాణకాలక్షేపము చేసిన మేలే ఇదియును.

మూడవ మేలు, పుస్తకములను బ్రతికించుట. తెలుగు వికీసోర్సునందు ఈ పని జరుగు విధమును యువకులకు తెలుపవలెను. పాతపుస్తకమును పుటకు పుట ఛాయాచిత్రము తీయుదురు. ఒక ప్రక్క ఆ చిత్రము, వేరొక ప్రక్క అక్షరములు నిలుచును. యంత్రము చదివిన అక్షరములలో తప్పులుండును; ప-వలకు, మ-యలకు భేదము దానికొక్కొక్కపుడు తెలియదు. ఒకరు దిద్దువరకు ఆ పుట గుర్తు ఎఱ్ఱగా నుండును, దిద్దినపిదప పసుపగును, వేరొకరు తిరిగి సరిచూచినపిదప పచ్చనగును. తాను దిద్దిన పుటను తానే పచ్చన చేసికొనుటకు వీలులేదు. బ్రౌనుదొర పండితులు ప్రతికి ప్రతి పోల్చిన పద్ధతియే ఇది. పద్యమునకు మరియొక కాపుదలయు గలదు. ఉత్పలమాలకు పాదమున ఇరువది అక్షరములు, పదవ అక్షరము యతి. నాలుగు పాదములకును రెండవ అక్షరము ప్రాస. ఒక్క అక్షరము జారినను గణము తప్పి చెవికి దొరకును. మన పూర్వులు పద్యమునకు వేసిన ఈ కట్టు వేయేండ్ల తరువాత అచ్చుతప్పులు పట్టుటకును అక్కరకు వచ్చుచున్నది.

కీడులను గూర్చియు చెప్పవలెను. మొదటిది కర్తృత్వపు గందరగోళము. ఎవరిదో తెలియని పద్యమునకు వేమన పేరు, ఎవరిదో తెలియని గేయమునకు శ్రీశ్రీ పేరు తగిలించి పంపుచున్నారు. వేలమంది దానిని మరల పంపుచున్నారు. తాటాకుపై వ్రాసిన లేఖకుడు ఇంత అజాగ్రత్తగా నుండలేదు. మన ప్రబంధములలో ప్రతి ఆశ్వాసాంతమున గద్యమున్నది. అందు కవి పేరు, అతని తండ్రి పేరు, గ్రంథము పేరు ఉండును. భాగవతమున అయిదవ స్కంధము గంగనదని, ఆరవది సింగనదని, పదునొకండవది, పండ్రెండవది నారయవని మనకు తెలిసినది ఆ గద్యముల వలననే. పోతన కీర్తి ఎంత గొప్పదైనను తక్కిన మువ్వురి పేళ్లను లేఖకులు తుడిచివేయలేదు. ఫోనున పద్యము పంపువాడు గ్రంథము పేరు, కవి పేరు, పద్యపు సంఖ్య చేర్చుటకు అరనిమిషము పట్టదు. ఆ అరనిమిషము వెచ్చింపనివాడు తాను భాషాసేవ చేయుచున్నానని భావింపరాదు.

రెండవ కీడు అతిప్రశంస. పాత పఠనమందిరమున బల్లకు ఆవలివాడు “ఈ పాదము నీరసముగా నున్నది” అనగా కవి మొగము చిన్నబుచ్చుకొని ఇంటికి బోయి దిద్దుకొనెడివాడు. నేటి గోష్ఠులలో ఒక్క వ్రేలు కదపి మెప్పు తెలుపవచ్చును గాన మెప్పు చౌకయైనది. విమర్శ చేసినవానిని శత్రువుగా జూచుట, గుంపులు కట్టుట పెరిగినవి. తగవు లేని మెప్పువలన కవికి పెరుగుదల లేదు, చదువరికి రుచి రాదు.

మూడవది అన్నింటికంటె భయంకరమైనది, నిలకడ లేకపోవుట. రచ్చబండ మొదలగు తెలుగు గోష్ఠులకు చిరకాలము ఆశ్రయమైన యాహూ గుంపులను ఆ సంస్థవారు కట్టివేసిరి. 2019 తుదిని పాత ఉత్తరముల తొలగింపు మొదలిడి, 2020 డిసెంబరున తలుపులు మూసిరి. కొందరు ముందు మేల్కొని తమకు వలసినది దాచుకొనిరి, మేల్కొననివారిది పోయినది. ఆ సంస్థవారు దేశదేశములవారిదెల్ల తీసివేసిరే గాని మనపై కక్ష గట్టి చేయలేదు. లాభము లేని దుకాణమును వర్తకుడు మూయును. అది వర్తక ధర్మము. మన సాహిత్య చర్చను పరుల దుకాణపు అరుగుమీద పెట్టుకొని, అది మన రచ్చబండయని నమ్ముట మన అమాయకత్వము. నేటి ఫేసుబుక్కు, వాట్సాపులు రేపేమగునో చెప్పగలవారెవ్వరు? అందు ఏ రచన ఎవరికంట బడవలెనో నిర్ణయించునది మన రసజ్ఞత గాదు, వారి యంత్రపు లెక్క. సారస్వత నికేతనము నూరేండ్లు దాటియు నిలిచియున్నది. కారణము, దానికి సొంత గోడలున్నవి, సొంత పట్టికలున్నవి, అది తమదనుకొను ఊరున్నది.

కావున ఇరువురకును లోటున్నది. గోష్ఠికి కంఠమున్నది, ఇల్లు లేదు. పఠనమందిరమునకు ఇల్లున్నది, కంఠము లేదు. ఈ రెంటిని గూర్చుటయే మన కర్తవ్యము. దీనికి ప్రభుత్వపుటుత్తరువులతో పనిలేదు. కోట్ల ధనము అక్కరలేదు. మీ మందిరమున రేపటినుండి ఆరంభింపదగిన నాలుగు పనులను మనవి చేయుచున్నాను.

మొదటిది: వారమునకొక సాయంకాలము ఆ నిశ్శబ్దపు పలకను దింపుడు. ఒక కావ్యమును బట్టి, పది పద్యములకు మించకుండ, గొంతెత్తి చదివి అర్థము చెప్పుకొనుడు. పండితుడు లేడని మానవద్దు. అర్థము తెలియని చోట ఫోను దీసి దూరపు గోష్ఠిని అడుగుడు. వచ్చిన జవాబును సభకు వినిపింపుడు. పోటీపరీక్షల యువకులను ఆ గంటసేపు తోడుకొనిరండు. కులము, స్త్రీపురుష భేదము ఆ బల్లయొద్దకు రానీయకుడు.

రెండవది: ఈ జిల్లాలో పూర్వము ముద్రింపబడిన శతకములు, స్థలపురాణములు, హరికథలు, చిన్నచిన్న ఖండకావ్యములు ఇండ్ల అటకలమీద నున్నవి. ఆనాటి చౌక కాగితము పట్టుకొన్నంతనే విరుగుచున్నది. పెద్ద కవుల గ్రంథములు ఎచ్చటనో ఒకచోట దొరకును. కొద్ది ప్రతులు మాత్రమే అచ్చయిన ఊరి కవి శతకము ఆ అటకతోనే అంతరించును. ఇండ్లవారిని అడిగి దెచ్చి, ఛాయలు దీసి, ప్రతిని మరల వారికప్పగింపుడు. మన దేశ చట్టము ప్రకారము గ్రంథకర్త జీవితకాలమున ప్రకటింపబడిన గ్రంథముపై హక్కు, అతడు గతించిన సంవత్సరమునకు పిమ్మట 60 ఏండ్లు నిలుచును. 1953లో గతించిన సురవరమువారి రచనలు 2014 జనవరినుండి అందరివి. 1971లో అస్తమించిన జాషువ రచనలకు 2031 తుదివరకు ఆగవలెను, లేదా వారసుల అనుమతి గైకొనవలెను. ఈ లెక్క తెలిసికొని మెలగినచో ఎవరి హక్కునకును భంగము కలుగదు.

మూడవది: దీసిన ఛాయలను వికీసోర్సు వంటి చోట జేర్చి, పుటకు ఇరువురు చొప్పున దిద్దుడు. కన్ను చురుకైన యువకుడు, ఛందస్సు తెలిసిన వృద్ధుడు ఒక బల్లయొద్ద గూర్చున్నచో ఆ పని ఇరువురకును వినోదమగును. ఒక ప్రతిని ఈ మందిరముననే, మీ పట్టికకెక్కించి, సొంత పెట్టెలో భద్రపరుపుడు. అచ్చట పోయినను ఇచ్చట ఉండును. ఇచ్చట చెదలు పట్టినను అచ్చట ఉండును.

నాలుగవది: మీ పురపాలక సంఘము గ్రంథాలయ పన్నుగా వసూలు చేసినదెంత, గ్రంథాలయ సంస్థకు చెల్లించినదెంత యని ఏటేట వ్రాతమూలముగా అడుగుడు. సమాచార హక్కు చట్టము 2005నుండి మనకున్నది. ఆ 8 పైసలు మనమిచ్చినవే. అది యాచన గాదు, లెక్క అడుగుట.

2011 జనాభా లెక్కలలో తెలుగు తమ మాతృభాషయని చెప్పుకొన్నవారు 8 కోట్ల 11 లక్షలు. ఇంత జనసంఖ్య గల భాషకు చావు లేదని కొందరు ధైర్యము చెప్పుదురు. మాటాడువారి సంఖ్య అంగడిలో భాషను బ్రతికించును; కవిత్వమును బ్రతికించునది ఆ సంఖ్య గాదు. వేమనను నిలిపినది పద్యము చెప్పుకొన్న నోళ్లు. గోలకొండ కవులను నిలిపినది ఉత్తరములు వ్రాసిన చేతులు. ఆ నోళ్లును, చేతులును ఈ సభలో నున్నవి. ఎవరి అటకమీద ఏ పుస్తకమున్నదో మీకే తెలియును; అమెరికాలోనివారికి తెలియదు, ఏ యంత్రమునకును తెలియదు. వచ్చు వార్షికోత్సవము నాటికి ఈ ఊరివారి పుస్తకమొక్కటి, ఒక్కటియే చాలును, పుటలన్నియు పచ్చనై లోకమునకు అందవలెనని కోరుచు విరమించుచున్నాను.